జిన్నింగ్ మిల్లులో 24 వోల్టుల డీసీ లైను: చివరి వాల్వు దాకా వోల్టేజీ, ప్రతి తోకకూ ఫ్యూజు

మే 20

పని జాగా వరంగల్–నర్సంపేట రోడ్డు మీది ఒక జిన్నింగ్ మిల్లు, పత్తి నుంచి గింజ వేరుచేసి దూది తీసే చోటు. రెండు వరసల్లో 24 డబుల్ రోలర్ జిన్నులు (గింజ తీసే యంత్రాలు). ఒక్కో జిన్ను నెత్తిన పత్తి వదిలే గేటు, ఆ గేటును నడిపే గాలి సిలిండరు, సిలిండరుకు 24 వోల్టుల డీసీ సోలనాయిడ్ వాల్వు (కాయిల్‌కు కరెంటు ఇస్తే గాలిని వదిలేది), పత్తి మట్టం చూసే ఫోటో సెన్సారు ఉన్నాయి. జిన్నులకు ఎనిమిదికొకటి చొప్పున మూడు జంక్షన్ బాక్సులు. ప్యానెల్ గది నుంచి మొదటిది 24 మీటర్లు, రెండోది 48, మూడోది 72. మూడో బాక్సు పక్కనే లింటు డక్టు, అంటే దూది పోయే గొట్టం ఉంది. అందులో నిప్పురవ్వను పట్టే సెన్సార్లు, రవ్వ కనిపించగానే దూదిని బయటి గదిలోకి తిప్పే మళ్లింపు గేటు ఉన్నాయి. ఆ గేటు వాల్వూ ఇదే 24 వోల్టుల మీద నడుస్తుంది.

ఫిర్యాదులు రెండు. మొదటి ఎనిమిది జిన్నుల వాల్వు కాయిళ్లు తరచూ మాడుతున్నాయి. చివరి ఎనిమిదింటి గేట్లు షిఫ్టు మొదట్లో ఒక్కోసారి తెరుచుకోవడం లేదు. వినడానికి సంబంధం లేని రెండు జబ్బుల్లా ఉంటాయి కానీ, మాడేవన్నీ ప్యానెల్ దగ్గరివి, లాగలేనివన్నీ దూరానివి అనగానే చూపు కేబుల్ మీదికే పోవాలి.

ప్యానెల్లో ఉన్నది 10 ఆంపియర్ల ఎస్‌ఎంపీఎస్ (ఏసీని 24 వోల్టుల డీసీ చేసి ఇచ్చే సప్లై) ఒకటి. దాని అవుట్‌పుట్‌కు 10 ఆంపియర్ల సీ కర్వు ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే తనంతట తాను ఆపేసే స్విచ్చు) ఒకటే. అక్కడి నుంచి 2.5 స్క్వేర్ ఎంఎం రెండు కోర్ల కేబుల్ ఒక బాక్సు నుంచి ఇంకో బాక్సుకు దండలా పోతోంది. బాక్సుల్లో ఫ్యూజులు లేవు. బాక్సు నుంచి వాల్వు దాకా 0.75 ఫ్లెక్సిబుల్ వైరు, ఎక్కువలో ఎక్కువ 10 మీటర్లు. ఈ చివరి ముక్కను ఇక్కడ తోక అంటున్నాం.

మీటరు పెట్టగానే కనిపించింది: ఎస్‌ఎంపీఎస్ 27.8 వోల్టులు ఇస్తోంది. దూరం గేట్లు లాగడం లేదని ఎప్పుడో ఎవరో పక్కనున్న చిన్న స్క్రూ తిప్పి పెంచేశారు. వాల్వులన్నీ ఆగి ఉన్నప్పుడు మొదటి బాక్సులో 27.4. కాయిల్ మీద రాసి ఉన్న పరిమితి 24కు పది శాతం అటూ ఇటూ, అంటే 21.6 నుంచి 26.4 వరకే. 24 బదులు 27.4 వస్తే కాయిల్లో వేడి వోల్టేజీ వర్గంతో పెరుగుతుంది, ఇక్కడ దాదాపు 30 శాతం ఎక్కువ. గేటు రోజంతా తెరిచి ఉండే జిన్నులో ఆ 30 శాతమే కాయిల్‌ను తినేస్తోంది. 24 వాల్వులూ ఒకేసారి వేస్తే మూడో బాక్సులో 22.2 మిగిలింది. అంటే స్క్రూ తిప్పడం దూరం వాల్వును అంతంతమాత్రంగా గట్టున పడేసింది, దగ్గరి వాల్వును మాడ్చింది.

మే 21

స్క్రూను 24.0కు దించి, కంప్రెసరు గాలి మూసి, పీఎల్‌సీ (వాల్వులను నడిపే కంట్రోలరు) నుంచి అన్ని వాల్వులూ ఒకేసారి ఆన్ చేసి కొలత తీసుకున్నాం. గాలి మూయకపోతే 24 గేట్లూ ఒక్కసారి కదులుతాయి, కింద మనుషులుంటే ప్రమాదం.

లెక్క ఇలా ఉంది. 2.5 ఫ్లెక్సిబుల్ రాగి వైరు నిరోధం 20 డిగ్రీల దగ్గర కిలోమీటరుకు 7.98 ఓమ్‌లు. రాగికి ఒక్కో డిగ్రీకీ 0.39 శాతం పెరుగుతుంది కాబట్టి 45 డిగ్రీల ట్రేలో 8.76. బాక్సుకు బాక్సుకు మధ్య 24 మీటర్లు, పోనూ రానూ 48, అంటే 0.42 ఓమ్‌లు. వాల్వు 4.8 వాట్లు, 0.2 ఆంపియర్లు. ఎనిమిది వాల్వులు, ఎనిమిది సెన్సార్లు కలిసి బాక్సుకు 1.8 ఆంపియర్లు. మూడో బాక్సులో మళ్లింపు గేటు వాల్వుకు 0.5, రవ్వ సెన్సార్లకు 0.2 అదనం. వోల్టేజీ తగ్గితే కాయిల్ తీసుకునే కరెంటు కూడా తగ్గుతుందని లెక్కలోకి తీసుకుంటే మూడు బాక్సుల్లో 21.8, 20.2, 19.4 రావాలి.

మీటరు చూపినవి 21.8, 19.9, 19.0.

మొదటి బాక్సు అచ్చంగా కుదిరింది. రెండో దాని దగ్గర 0.3 పోయింది. ఇలాంటి తేడాను ‘మీటరు తప్పులే’ అని వదిలేయకూడదు. ప్లస్ వైరు మీద పడిన వోల్టులు, మైనస్ వైరు మీద పడిన వోల్టులు విడివిడిగా చూశాం. రెండూ ఒకే మందం, ఒకే పొడవు, కాబట్టి సమానంగా ఉండాలి. మొదటి, రెండో బాక్సుల మధ్య ప్లస్ వైపు ఎక్కువ చూపించింది. రెండో బాక్సు మూత తీసి ప్లస్ టెర్మినల్‌కు అటూ ఇటూ మీటరు పిన్నులు పెడితే ఆ ఒక్క స్క్రూ మీదే 0.38 వోల్టులు. 3.6 ఆంపియర్లు పోతుంటే అది దాదాపు 1.4 వాట్ల వేడి. టెర్మినల్ ప్లాస్టిక్ ఆ ఒక్కచోటే గోధుమ రంగుకు తిరిగి పెళుసుబారింది. దాని మీద దూది నూగు మందంగా పేరుకుని ఉంది. వైరు కొసకు ఫెరూల్ (పోగులను కలిపి పట్టే చిన్న లోహపు గొట్టం) లేదు. సన్న పోగుల్లో సగం బయటికి విరజిమ్మి ఉన్నాయి, స్క్రూ మిగతా సగాన్నే పట్టుకుంది. జిన్ను అదురుకు అది రోజురోజుకూ వదులవుతుంది.

ఒక మాట. ఇంత చిన్న నిరోధాన్ని మల్టీమీటరు ఓమ్ రేంజిలో కొలవబోతే మీటరు వైర్ల నిరోధమే అందులో కలిసిపోతుంది. తెలిసిన కరెంటు పంపి, పడిన వోల్టులు చూసి భాగించడమే నమ్మదగిన పద్ధతి.

మే 22

ఈ రోజు రెండో ప్రశ్న: దూరం తోకలో షార్టు అయితే ఎంసీబీ కొడుతుందా, అంటే లైను ఆపేస్తుందా?

నేల ఊడ్చి, నూగు లేని సిమెంటు గచ్చు మీద పది మీటర్ల కొత్త 0.75 వైరు పరిచి, మంటలార్పే సిలిండరు పక్కన పెట్టుకుని, వైరు కొసన 16 ఆంపియర్ల స్విచ్చుతో షార్టు చేశాం. పీఎల్‌సీకి వేరే సప్లై ఇచ్చాం, మిగతా లోడ్లు విడదీశాం. మూడో బాక్సు దాకా 1.26 ఓమ్‌లు, తోక 0.57. మొత్తం 1.83 మీద 24 వోల్టులు పెడితే 13 ఆంపియర్లు కూడా సరిగా దాటదు. క్లాంప్ మీటరులో 12.6 వచ్చింది.

నిమిషం ఆగాం. ఎంసీబీ కదల్లేదు. వైరు తొడుగు మీద ఉష్ణోగ్రత 41 నుంచి 78 డిగ్రీలకు ఎక్కింది. మామూలు పీవీసీ నిలకడగా తట్టుకునేది 70. అక్కడ ఆపేశాం.

ఎంసీబీ పాడైపోలేదు, అది చేయాల్సిందే చేసింది. 10 ఆంపియర్ల ఎంసీబీ 1.13 రెట్ల దగ్గర గంట దాకా కొట్టకూడదు, 1.45 రెట్ల దగ్గర గంటలోపు కొట్టాలి. 12.6 ఈ రెంటి మధ్యన పడింది. ఇక షార్టుకు టక్కున కొట్టే అయస్కాంతం భాగం, సీ కర్వులో ఏసీకి 5 నుంచి 10 రెట్ల దగ్గర పనిచేస్తుంది. డీసీకి ఆ అంకె దాదాపు ఒకటిన్నర రెట్లు పెరుగుతుంది. అంటే 75 నుంచి 150 ఆంపియర్లు కావాలి. ఈ ఎస్‌ఎంపీఎస్ 13 దాటి ఇవ్వదు, ఇవ్వగలిగినా దండలోని వైరు పోనివ్వదు. ఈ లైనులో ఆ ఎంసీబీ ఆన్–ఆఫ్ స్విచ్చు మాత్రమే.

మొదటి బాక్సు తోకలోనూ అదే పరీక్ష చేశాం. అక్కడ మొత్తం నిరోధం 0.99. ఎస్‌ఎంపీఎస్ 13 ఆంపియర్ల దగ్గర తనను తాను ఆపుకుంది, అవుట్‌పుట్ 12.7 వోల్టులకు పడిపోయింది. పీఎల్‌సీ దీని మీదే ఉంటే 20.4 కిందికి రాగానే ఆగిపోయేది. కాబట్టి దగ్గర షార్టయితే మిల్లంతా చీకటి. దూరం షార్టయితే మిల్లు నడుస్తూనే ఉంటుంది, ఎక్కడో దూది మధ్యలో వైరు కాలుతూ ఉంటుంది. రెండోదే ఎక్కువ భయపెట్టేది. 24 వోల్టులు మనిషిని కొట్టవు కాబట్టి దాని ఫ్యూజు గురించి పట్టించుకోనక్కర్లేదనే అలవాటు చాలా మిల్లుల్లో ఉంది. ఆ దూరం తోకలో ఈ రోజు పుట్టినది దాదాపు 90 వాట్ల వేడి.

ఇక్కడే పని మొత్తం ఒక్క అంకె మీదికి వచ్చింది: పోను రాను వైరు నిరోధం. వోల్టేజీ తగ్గడానికీ అదే కారణం, షార్టు కరెంటు సరిపోక ఫ్యూజు కొట్టకపోవడానికీ అదే కారణం. స్క్రూ తిప్పితే మొదటిది మాత్రం కనబడకుండా పోతుంది, రెండోది అలాగే ఉంటుంది.

మే 23

దారులు బేరీజు వేశాం.

మూడో బాక్సు దగ్గరికి 230 వోల్టులు తీసుకెళ్లి అక్కడే ఒక ఎస్‌ఎంపీఎస్ పెట్టడం మొదటిది. పొడవైన డీసీ లైను బెడద పోతుంది. కానీ నూగు చొరబడని పెట్టెలో పెట్టాలి, అలాంటి పెట్టెలో వేడి బయటికి పోదు. జిన్ను హాలులో ఇంకో ఏసీ పెట్టె తెరవడం ఇష్టం లేక వదిలేశాం. రైసు మిల్లు, గ్రానైటు యూనిటు లాంటి చోట అయితే ఇదే ముందు ఆలోచించాలి.

చివర్న డీసీ–డీసీ కన్వర్టరు రెండోది. 18 వచ్చినా 24 చేసి ఇస్తుంది. అయితే లోపలికి వచ్చే వోల్టేజీ తగ్గే కొద్దీ అది ఎక్కువ కరెంటు లాగుతుంది, దాంతో వైరులో ఇంకా పడుతుంది. పైగా దాని సొంత కరెంటు పరిమితి చిన్నది కాబట్టి దాని తర్వాతి ఫ్యూజులు మళ్లీ కొట్టవు.

రిమోట్ సెన్స్ ఉన్న ఎస్‌ఎంపీఎస్ మూడోది. రెండు సన్న వైర్లతో దూరపు వోల్టేజీ చూసుకుని తనే పెంచుకుంటుంది. సాధారణంగా అర వోల్టు, ఒక వోల్టు దాకానే సర్దగలదు, అదీ ఒక్క చోటికే. మూడు బాక్సులుంటే ఏ బాక్సును చూడాలి?

నిర్ణయం: దండ తీసేసి, ప్యానెల్ నుంచి ఒక్కో బాక్సుకు విడి కేబుల్. మొదటి బాక్సుకు ఉన్న 2.5 కేబులే చాలు. రెండు, మూడు బాక్సులకు కొత్తగా 4 స్క్వేర్ ఎంఎం. మళ్లింపు గేటుకూ రవ్వ సెన్సార్లకూ కలిపి ఇంకో 2.5 కేబుల్, జిన్నుల లైనుతో ఏ సంబంధమూ లేకుండా. జిన్ను వాల్వులో ఏం జరిగినా రవ్వ గేటు బతికి ఉండాలి. ఈ ఒక్క విషయంలో ఖర్చు తగ్గించమంటే ఒప్పుకోలేదు.

మూడో బాక్సుకు 6 వేద్దామా అని చూశాం. 4 వేస్తే పోను రాను 144 మీటర్లకు 0.78 ఓమ్‌లు, 1.8 ఆంపియర్లకు 1.4 వోల్టులు పడతాయి. ఎస్‌ఎంపీఎస్ 24.5 ఉంచితే 23.1 మిగులుతుంది. వాల్వుకు కావాల్సింది 21.6. కాబట్టి 4 చాలు, ఒకే చుట్ట తెస్తే సరిపోతుంది. షార్టు కరెంటు కూడా 24.5 ను 1.35తో భాగిస్తే 18 ఆంపియర్లు.

ఎస్‌ఎంపీఎస్ 20 ఆంపియర్లది. లోడు 8 ఆంపియర్లే. అయితే ప్యానెల్ లోపల 55 డిగ్రీలు ఉన్నాయి. ఈ రకానికి 50 దాటితే డిగ్రీకి రెండున్నర శాతం చొప్పున సామర్థ్యం తగ్గుతుంది. 10 ఆంపియర్లది అప్పుడు 8.75 అవుతుంది, షార్టు వస్తే పీఎల్‌సీని నిలబెట్టడానికి ఏమీ మిగలదు.

ఎంసీబీ బదులు ఎలక్ట్రానిక్ ఫ్యూజులు, నాలుగేసి చానెళ్ల మాడ్యూళ్లు రెండు. ఇవి వేడి మీదో అయస్కాంతం మీదో ఆధారపడవు, కరెంటును కొలిచి మిల్లీసెకన్లలో ఆపేస్తాయి. చానెళ్లు: మూడు బాక్సులకు మూడు, రవ్వ లైనుకు ఒకటి, పీఎల్‌సీకీ తెరకూ కలిపి ఒకటి, ప్యానెల్ రిలేలకు ఒకటి. రెండు ఖాళీ. బాక్సుల్లో ఒక్కో తోకకు 5×20 గాజు ఫ్యూజు పట్టే ఫ్యూజు టెర్మినల్.

మే 27

రోహిణి కార్తె మొదలైంది, మధ్యాహ్నం రేకుల కింద పని సాగదు. పొద్దున ఆరు నుంచి పదిన్నర, సాయంత్రం నాలుగు తర్వాత. పరీక్షలు ఈ ఎండలో చేయడమే మంచిది, మిల్లు నడిచే దసరా తర్వాతి రోజుల్లో ఇంత వేడి ఉండదు.

సామాను వచ్చింది. కేబుళ్లు, ఫ్యూజు టెర్మినళ్లు హన్మకొండలో దొరికాయి. ఎలక్ట్రానిక్ ఫ్యూజులకు హైదరాబాదు ట్రూప్ బజార్ దాకా చెప్పించాల్సి వచ్చింది. లెక్క: 4 స్క్వేర్ రెండు కోర్ల రాగి కేబుల్ 130 మీటర్లు, 2.5 ది 80 మీటర్లు, ఫ్యూజు టెర్మినళ్లు 30, మామూలు టెర్మినళ్లు 60, ఫెరూళ్లు ఒక్కో సైజువి వందేసి, 1ఎన్4007 డయోడ్లు 30, గ్లాండులు (కేబుల్ పెట్టెలోకి పోయే చోట బిగించేవి) 12, తక్కువ వోల్టేజీ చూసే డీసీ రిలే ఒకటి.

కేబుల్ లాగకముందే చుట్ట మీదే పరీక్షించాం. ఒక కొసన రెండు కోర్లూ కలిపి, ఇంకో కొస నుంచి 2 ఆంపియర్లు పంపాలి. 130 మీటర్ల చుట్టలో పోను రాను 260 మీటర్లు, 40 డిగ్రీల దగ్గర 1.39 ఓమ్‌లు మించకూడదు, అంటే 2.78 వోల్టులు. 2.74 వచ్చింది. 4 అని రాసి 3 మందం రాగి ఇచ్చినా, రాగి పూత పూసిన అల్యూమినియం ఇచ్చినా ఈ రెండు నిమిషాల పరీక్షలో దొరికిపోతుంది. ట్రేలో వేశాక తెలిస్తే ఏం చేయలేం.

మే 30

కేబుళ్లు వేయడం అయిపోయింది. మోటారు కేబుళ్ల ట్రేలో కాకుండా విడి ట్రేలో వేశాం, దాటాల్సిన చోట అడ్డంగా దాటించాం. పాత దండలో మొదటి బాక్సు తర్వాతి ముక్కలు రెండు చివరలా విప్పి, టేపు చుట్టి, ‘వాడకంలో లేదు’ అని చీటీ కట్టి వదిలేశాం.

మైనస్ గురించి. ఎస్‌ఎంపీఎస్ మైనస్‌ను ప్యానెల్లో ఒక్కచోటే ఎర్తుకు కలిపాం. అలా చేస్తే ప్లస్ వైరు ఎక్కడ జిన్ను బాడీకి తగిలినా అది షార్టే అవుతుంది, ఆ తోక ఫ్యూజు పోతుంది, ఎక్కడో తెలుస్తుంది. ఎర్తు లేకుండా వదిలితే మొదటి తగులుడు ఎవరికీ తెలియదు. రెండోది తగిలిన రోజు ఏ వాల్వు తనంతట తాను తెరుచుకుంటుందో చెప్పలేం. బాక్సుల్లో మాత్రం మైనస్‌ను బాడీకి కలపకూడదు, కలిపితే కరెంటు ఇనుప ఫ్రేము గుండా తిరిగి రావడం మొదలెడుతుంది.

జూన్ 4

ఈ రోజు పరీక్ష పాడైంది. ఎందుకు పాడైందో వివరంగా రాస్తున్నాం, ఇది చాలామంది తప్పిపోయే చోటు.

మూడో బాక్సు చానెల్ 4 ఆంపియర్లకు పెట్టాం. తోకల్లో చేతిలో ఉన్న 1 ఆంపియరు టైమ్ ల్యాగ్ గాజు ఫ్యూజులు వేశాం. 18 ఆంపియర్ల షార్టుకు 1 ఆంపియరు ఫ్యూజు పోకుండా ఎలా ఉంటుంది అనుకున్నాం. తోకలో షార్టు చేయగానే ఫ్యూజు అలాగే ఉంది, చానెల్ పడిపోయి ఎనిమిది జిన్నులూ ఆగాయి. మూడుసార్లు చేస్తే మూడుసార్లూ అంతే.

కారణం ఎలక్ట్రానిక్ ఫ్యూజు స్వభావంలో ఉంది. ఈ రకం షార్టు రాగానే కరెంటును తన సెట్టింగుకు 1.25 రెట్ల దగ్గర బిగబట్టి, కొద్దిసేపు చూసి, అప్పుడు ఆపుతుంది. కాబట్టి 18 ఆంపియర్లు అసలు పోవడం లేదు, 5 మాత్రమే పోతోంది. 1 ఆంపియరు టైమ్ ల్యాగ్ ఫ్యూజుకు అది ఐదు రెట్లే, నెమ్మదిగా కరిగే జాతి, ఈలోపు చానెల్ ఆగిపోతుంది. వైరు ఇవ్వగల షార్టు కరెంటు లెక్క సరైనదే, కానీ మధ్యలో కాపలావాడు ఉన్నాడని మరిచాం.

మార్పు: వాల్వు తీసుకునేది 0.2 ఆంపియర్లే కదా, 500 మిల్లీ ఆంపియర్ల ఫాస్ట్ ఫ్యూజు. 5 ఆంపియర్లు దానికి పది రెట్లు. పది రెట్లకు ఈ జాతి ఫ్యూజు 20 మిల్లీసెకన్లలోపు పోవాలి. డీసీ కాయిల్ ఆన్ అయ్యేటప్పుడు ఏసీ కాయిల్లాగా ముందు ఎక్కువ కరెంటు లాగదు, కాబట్టి అనవసరంగా పోతుందన్న భయం లేదు. చానెల్‌ను 3కు దించుదామన్న మాట వచ్చింది, దించలేదు. దించితే షార్టు కరెంటు కూడా దిగి మళ్లీ ఫ్యూజు ఆలస్యమవుతుంది. 4 ఆంపియర్లు 4 స్క్వేర్ వైరుకూ 2.5 వైరుకూ ఏ లెక్కా కాదు.

మూడు బాక్సుల్లో కలిపి పది షార్టులు చేశాం. పదిసార్లూ తోక ఫ్యూజు ఒక్కటే పోయింది, చానెల్ నిలబడింది, పక్క వాల్వులు పడిపోలేదు. షార్టు చేసిన క్షణంలో పక్క సెన్సారు ఒకటి పీఎల్‌సీలో ఓసారి మిణుకుమంది. ఆ బాక్సు ఇన్‌పుట్ల ఫిల్టరును 20 మిల్లీసెకన్లు చేశాక అదీ పోయింది. పత్తి మట్టానికి 20 మిల్లీసెకన్లు ఆలస్యమైతే నష్టమేం లేదు.

ఏ ఫ్యూజు టెర్మినల్‌లోనూ 1 ఆంపియరు ఫ్యూజు పొరపాటున మిగిలిపోకుండా పాతవన్నీ బాక్సుల్లోంచి తీసేశాం. మూత లోపల ‘ఫాస్ట్ 500 మిల్లీ ఆంపియర్లు మాత్రమే’ అని రాసి అంటించి, పది అదనపు ఫ్యూజులు చిన్న డబ్బాలో అక్కడే పెట్టాం. అర్ధరాత్రి షిఫ్టులో ఫ్యూజు దొరక్కపోతే సిగరెట్టు డబ్బా రేకు చుట్టి పెట్టే అలవాటు ఉంది. దాన్ని తిట్టి మాన్పించలేం, సరైన ఫ్యూజు చేతికందేలా ఉంచాలి.

జూన్ 6

19వ జిన్ను వాల్వు ఆన్ చేయగానే ఫ్యూజు పోయింది. కొత్తది వేస్తే అదీ పోయింది. కాయిల్ నిరోధం 121 ఓమ్‌లు, బాగానే ఉంది. తప్పు డయోడ్లో దొరికింది. కాయిల్ ఆగేటప్పుడు పుట్టే ఎదురు వోల్టేజీని తినడానికి ప్రతి వాల్వుకూ కాయిల్‌కు అడ్డంగా 1ఎన్4007 వేస్తున్నాం, వెండి గీత ఉన్న వైపు ప్లస్‌కు. ఈ జిన్నుకు పాత వైరింగులో ఎరుపు, నలుపు తారుమారై ఉన్నాయి. కాయిల్‌కు ఎటు ఇచ్చినా ఒకటే కాబట్టి ఇన్నేళ్లూ ఎవరికీ తెలియలేదు. డయోడ్ పెట్టగానే అది నేరు షార్టు అయింది. వైర్లు మార్చి మిగతా 23 కూడా మీటరుతో చూశాం, 7వ జిన్నుదీ తారుమారే, దానికి ఇంకా డయోడ్ బిగించలేదు.

డయోడ్ వల్ల వాల్వు వదలడం కొద్దిగా ఆలస్యమవుతుంది. గేటుకు ఫర్వాలేదు. మళ్లింపు గేటు కరెంటు ఇస్తే మళ్లేది, లాగడంలో ఆలస్యం లేదు కాబట్టి దానికీ ఫర్వాలేదు.

జూన్ 9

మృగశిర. నిన్న సాయంత్రం మొదటి జల్లు పడింది, హాలు 34 డిగ్రీలకు దిగింది. ఈ కొలతలు అంతకు ముందు రోజు మధ్యాహ్నం, 42 డిగ్రీల్లో తీసినవి. ఎస్‌ఎంపీఎస్ 24.5, అన్ని వాల్వులూ ఆన్: మొదటి బాక్సు 23.6, రెండోది 23.5, మూడోది 23.0, రవ్వ లైను 23.5. లెక్కకన్నా 0.1 తక్కువ, అది ఎలక్ట్రానిక్ ఫ్యూజు తినేది. వాల్వులన్నీ ఆఫ్ చేస్తే ఎక్కడా 24.4 దాటలేదు. ఏ టెర్మినల్ మీదా 20 మిల్లీవోల్టులకు మించి పడలేదు, ప్రతి కొసకూ ఫెరూల్ ఉంది.

మళ్లింపు గేటు వాల్వు దగ్గర తక్కువ వోల్టేజీ రిలే పెట్టాం, 21.6 దిగితే కాంటాక్టు విడుతుంది. రవ్వ చానెల్ పడిపోయినా, ఆ కాంటాక్టు విడినా పీఎల్‌సీ పత్తి ఇవ్వడం ఆపేస్తుంది. ఈ రెండు సంకేతాలూ వైరు తెగినా ఆపేలా కలిపాం, అంటే మంచిగా ఉన్నప్పుడే కరెంటు ఉంటుంది. రవ్వ లైనును చేత్తో విడదీసి చూస్తే 2 సెకన్లలో కన్వేయరు ఆగింది. ఆ 2 సెకన్లు పీఎల్‌సీలో పెట్టిన ఆలస్యమే, దాన్ని అర సెకనుకు తగ్గించాం.

ఎస్‌ఎంపీఎస్ స్క్రూ మీద రంగు చుక్క వేసి, పక్కన ‘24.5, తిప్పవద్దు. గేటు లాగకపోతే ముందు బాక్సులో వోల్టులు చూడండి’ అని రాశాం. పై కొలతలన్నీ ప్యానెల్ తలుపు లోపల అంటించాం. వచ్చే ఏడు పత్తి ఏనుమాముల మార్కెట్టుకు రాకముందు ఇవే చోట్ల మళ్లీ కొలిచి పక్కన రాయాలి. అర వోల్టు తేడా కనబడితే అక్కడ ఒక స్క్రూ వదులైనట్టే.

మిగిలిన పని: రెండో బాక్సు గ్లాండులు రెండు సైజు కుదరలేదు, నూగు పోకుండా తాత్కాలికంగా సీలు చేశాం. సరైనవి రాగానే మార్చాలి. వాల్వు ప్లగ్గుల్లో పదకొండింటికి రబ్బరు వాషర్లు లేవు, అవీ తెప్పించాలి.